ఈకలు ఊడదీసే మన్సోక్ అన్న

కొరియాలో మా యెచోన్ ఊరి విలుకాళ్ళ మండపంలో ప్యో మన్సోక్ అన్న కంటపడ్డ బాణం ఈకలతో ఇంటికి చేరింది లేదు. "ఈకలు ముసలివైపోయాయి" అనేవాడు, చావు కబురు చెప్పినంత గంభీరంగా. బాణం మొన్ననే కొన్నదైనా సరే. అతను గుమ్మంలో కనిపిస్తే చాలు, పెద్దపెద్ద విలుకాళ్ళు కూడా బాణాలు కోటు కింద దాచుకునేవాళ్ళు.

నేను ఆ మండపంలో వంటమనిషిని. అతని పిచ్చికి మొదట బలైంది నా కెటిల్. బార్లీ టీకి నీళ్ళు మరిగాయో లేదో, స్టూలు లాక్కుని కూర్చునేవాడు. బాణపు వెదురు కర్రను ఆవిరికి జానెడు ఎడంగా పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తిప్పుతూ ఉండేవాడు. ఈకను అంటించిన చేపజిగురు మెత్తబడ్డాక దాన్ని కొస నుంచి మెల్లిగా లాగి, కొత్త ఈక అంటించడానికి తడిగుడ్డతో కర్ర తుడిచేవాడు. ఒక్కో బాణానికి అరగంట. ఆ అరగంటా నా వంటిల్లు చేపల బజారే.

"చాకుతో గీకితే చిటికెలో పోతుంది కదన్నా!" అన్నానొకసారి.

నేనెవర్నో పొడిచి వచ్చినట్టు చూశాడు. "చాకు తగిలితే వెదురు చర్మం లేస్తుంది చెల్లెమ్మా. ఆ బాణం ఇక తిన్నగా ఎగరదు. నీ పొయ్యిలోకే."

"అలాంటివి ఓ నాలుగివ్వన్నా. కట్టెలు తడిసున్నాయి."

వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ ఏడు వరికోతలప్పుడు మా మండపంలో అందరికన్నా మంచి విలుకాడు బ్యోన్ ఇల్గుకి పక్షవాతం వచ్చింది. మా విల్లుతాడును కుడిచేతి బొటనవేలితో లాగాలి. ఆయనకి సరిగ్గా ఆ వేలే చచ్చుబడింది. చలి మొదలయ్యాక ఒకరోజు భార్య భుజం పట్టుకుని వచ్చి, తన ముప్పై బాణాలూ బల్లమీద పెట్టాడు.

"పంచేయండి. నేనిక రాను." మాట ముద్దగా వచ్చింది.

నాకైతే కళ్ళ నీళ్ళాగలేదు. మన్సోక్ అన్న మాత్రం ఒక బాణం తీసి వెలుతురులో తిప్పి చూశాడు.

"ఈకలు ముసలివైపోయాయి."

గరిటె విసిరేద్దునే, పక్కవాళ్ళు పట్టుకున్నారు.

"ఇలాంటివి దానమిస్తావా? పరువు తక్కువ. ఊడదీసి ఇవ్వు," అన్నాడు.

"నువ్వే ఊడదీసుకో."

"నాకు నడుం నొప్పి. రేపొద్దున రా. కుడిచేత్తోనే తియ్యాలి. ఎడమచెయ్యి పెడితే ఈక చీలుతుంది."

ఇల్గు పంతం కొద్దీ వచ్చాడు. మొదటిరోజు కర్ర నాలుగుసార్లు జారిపడింది. సాయంత్రానికి ఊడింది ఒక్క ఈక.

"జిగురు మిగిలింది. మళ్ళీ ఆవిరి పట్టు," అన్నాడు మన్సోక్ అన్న.

"నువ్వు మనిషివేనా? చంపుతున్నావు నన్ను!"

"చద్దువుగాని, ముందు ఆ రెండో ఈక కానియ్."

నెలన్నర దాటింది. ముప్పై బాణాలూ తరగలేదు. లెక్కల్లో మొద్దునైన నాకే అనుమానం వచ్చింది. ఒకరోజు క్యాబేజీలకు ఉప్పు పట్టించాలని తెల్లారగానే వెళ్తే, మన్సోక్ అన్న పొయ్యి పక్కన కూర్చుని బాణాలకు ఈకలు అంటిస్తున్నాడు. అవే కర్రలు, అవే ఈకలు.

"ఏంటన్నా ఇది! నిన్న ఊడదీసినవాటికే మళ్ళీనా?"

"అరవకు చెల్లెమ్మా. బాణాలైపోయాయి. బొటనవేలికి ఇంకా పట్టు రాలేదు."

"ఆ మాటేదో ఆయనకే చెప్పొచ్చుగా?"

"డాక్టరు చెప్పిన కసరత్తులు ఒక్కరోజూ చెయ్యలేదట. వాళ్ళావిడ ఏడ్చింది. నన్ను తిట్టడానికైతే రోజూ వస్తున్నాడు కదా!"

గరిటె విసరబోయినందుకు సిగ్గేసింది. మర్నాటి నుంచి కెటిల్ నేనే ముందుగా పొయ్యెక్కించాను. టీ చేపల కంపు కొడుతోందని ఎవరన్నా అంటే నీళ్ళు తాగమన్నాను.

మంచు కరిగిన నెలలో ఇల్గు విల్లు పట్టుకుని గీత దగ్గర నిలబడ్డాడు. మా దగ్గర ఎంత గొప్ప విలుకాడైనా మొదటి బాణానికి ముందు "విల్లు నేర్చుకుంటున్నాను" అనాలి. తక్కినవాళ్ళు "బాగా తగలాలి" అనాలి.

"విల్లు నేర్చుకుంటున్నాను," అన్నాడు ఇల్గు, ముద్దముద్దగా.

మన్సోక్ అన్న నోరు తెరిచాడు, మాట రాలేదు. మిగతావాళ్ళదీ అదే వరస. విల్లు ముట్టని దాన్ని, నాకా హక్కు లేదు. అయినా వంటింటి గుమ్మంలోంచి "బాగా తగలాలి!" అని కేకపెట్టాను.

బాణం సగం దూరం కూడా పోలేదు, గడ్డిలో పడింది. అందరం నేలచూపులు చూశాం. ఇల్గు మాత్రం మన్సోక్ అన్న వైపు తిరిగాడు.

"నా బాణాల కణుపులు నాకు తెలీవనుకున్నావా? ఒక్కోదాన్నీ మూడేసిసార్లు ఊడదీయించావు."

మన్సోక్ అన్న మొహం పాలిపోయింది. "తెలిస్తే మరి చెప్పలేదేం?"

"చెబితే మానేస్తావుగా," అని, ఇల్గు బొటనవేలితో రెండో బాణాన్ని తాడుకి ఎక్కించాడు.