లియాన్ దాకా టికెట్టు, వియన్నాలో దిగడం

బెల్ట్సీ ఊరి బజారులో ఎవ్దోకియాది జిప్పుల కొట్టు. చెడిపోయిన జిప్పులు మారుస్తుంది, కోట్లకు అస్తర్లు వేస్తుంది, సంచులు కుడుతుంది. ఆ సంచులకు ఊళ్లో మంచి పేరు. విమానంలో సీటు కింద డబ్బు కట్టకుండా పెట్టుకోనిచ్చే సంచి కొలత ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది. ఏ కంపెనీయో చెబితే చాలు, ఆమె ఇక అడగకుండా గుడ్డ కత్తిరిస్తుంది.

టికెట్ల పని ఆ సంచుల వెంటే వచ్చింది. పరాయి దేశంలో, పాదువాలో ఉన్న చెల్లెలికి ఆపరేషను అయినప్పుడు, టికెట్ల ఆఫీసులో చెప్పిన ధర విని ఎవ్దోకియా కొనకుండానే లేచి వచ్చేసింది. ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని, రోజూ కాసేపు టికెట్ల ధరలు తిరగేసి చూసింది. రాజధాని కిషినావ్‌లో కాకుండా ప్రూట్ నది దాటి పక్క దేశపు యాష్‌లో ఎక్కితే సగం ధర. శుక్రవారం మాని బుధవారం వెళితే ఇంకా తక్కువ. పోవడానికి ఒక కంపెనీ, రావడానికి మరో కంపెనీ అయితే మరీ నయం. రెండు టికెట్లు అతికేటప్పుడు మాత్రం మధ్యలో నాలుగు గంటలైనా వదిలేది. అతుకు దగ్గర గుడ్డ వదలకపోతే కుట్టు పిగులుతుందని ఆమెకు ఎవరూ చెప్పక్కర్లేదు. అప్పట్నుంచి ఆ వీధిలో ఎవరు ప్రయాణమైనా ముందు ఆమె కొట్టుకే వచ్చేవారు. అక్రోట్లో, గుడ్లో ఇచ్చిపోయేవారు.

ఎదుటి వరసలో ఉప్పునీళ్ల టమాటాలు అమ్మే జెనోవియా ఆ వసంతంలో వచ్చింది. వియన్నాలో ఆమె మేనకోడలి బిడ్డకు ఆదివారం జ్ఞానస్నానం. జెనోవియా జ్ఞానతల్లి. వియన్నా టికెట్టు ధర ఆకాశంలో ఉంది. ఎవ్దోకియా రెండు రోజులు వెతికి, వియన్నాలో విమానం మారి ఫ్రాన్సులోని లియాన్‌కు పోయే టికెట్టు పట్టింది. వియన్నా ధరలో మూడో వంతు.

"లియాన్‌లో నాకెవరున్నారక్కా?"

"లియాన్ పొమ్మని ఎవరన్నారు? వియన్నాలో దిగిపో. రెండో విమానం నువ్వు లేకుండానే పోతుంది, దానికేం బెంగ లేదు."

"పట్టుకుంటే?"

"వాళ్లకి నచ్చదు. అందుకే మాటిమాటికీ చెయ్యకూడదు. నువ్వూ ఎక్కడా నోరు విప్పకు. తిరుగు టికెట్టు వేరే కంపెనీలో కొన్నాను. ఇందులోనే కొంటే, ఒక ముక్క ఎక్కలేదని మిగతాది రద్దు చేసేస్తారు. సంచి మాత్రం చేతిలోనే ఉంచుకో, కౌంటర్లో ఇవ్వకు."

జెనోవియా అంతకుముందు చలికాలమంతా క్రిజ్మా కుట్టింది. పూజారి నీళ్లలోంచి తీసిన బిడ్డను జ్ఞానతల్లి చేతుల్లో పరిచిన ఆ తెల్లగుడ్డలోనే పెడతాడు. అంచు మడత దగ్గర చెయ్యి తిరగక రెండుసార్లు విప్పి, ఎవ్దోకియాకు చూపించి మళ్లీ కుట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం ఫోను మోగింది.

"అక్కా, వియన్నాలో దిగాను. సంచి లియాన్ పోతోందట."

"కౌంటర్లో ఇచ్చావా?"

"నీళ్లలాంటివి లోపలికి పోవన్నారు. మన ద్రాక్షసారా ఉంది, చెర్రీ పాకం జాడీలున్నాయి. పారేసుకోనా? వాళ్లు తీసుకుంటామంటే ఇచ్చేశాను. జాడీలు కొట్టుకోకుండా క్రిజ్మా కూడా అందులోనే చుట్టాను."

"జాడీలున్నాయని నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వడగలేదుగా. ఏ జ్ఞానతల్లి ఉత్తచేతుల్తో పోతుంది?"

కొలత తీయకుండా ఏనాడూ కత్తెర పెట్టని మనిషి, సంచిలో ఏముంటుందో అడగకుండా టికెట్టు కొన్నది.

"రెండో విమానానికి ఎంత టైముంది?"

"గంటన్నర. ఇక్కడే ఒక గుడ్డ కొనుక్కోనా?"

"ఆగు."

పోయిన ఏడాది ఎవరో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఎక్కవలసిన మనిషి ఎక్కకపోతే, అతని సంచి వెతికి దించేదాకా విమానం కదల్లేదట. అయితే ఈ సంచినీ దించుతారు. కానీ దించి ఎక్కడ పడేస్తారు? ఏ మూలనో పడితే ఆదివారానికి దొరకదు.

"లియాన్ విమానం గేటు దగ్గర బల్ల ఉంటుంది. అక్కడికి పో. నేను లియాన్ వెళ్లడం లేదు, నా సంచి ఇక్కడే దించండని చెప్పు."

"ఎందుకని అడిగితే?"

"ఉన్నదున్నట్టు చెప్పు."

"నోరు విప్పొద్దన్నది నువ్వే కదక్కా."

"సంచి చేతిలో ఉంటే విప్పొద్దన్నాను. ఫో."

ఆ మధ్యాహ్నం ఆమె ఒక కోటుకు జిప్పు తిరగేసి కుట్టింది. విప్పి మళ్లీ కుట్టేసరికి నాలుగైంది. కొట్టు మూయబోతుండగా ఫోను వచ్చింది.

"సంచి వచ్చింది. ధరలో తేడా కట్టించుకున్నారు. నేరుగా కొన్నదానికంటే ఎక్కువే అయింది."

"ఆ తేడా నేనిస్తాను."

"నువ్వూరుకో. బల్ల దగ్గరమ్మాయి ఇదంతా ఎవరు నేర్పారని అడిగింది. మా దర్జీ అన్నాను, నమ్మలేదు." జెనోవియా నవ్వబోయి ఆగింది. "ఒక జాడీ పగిలిందక్కా. క్రిజ్మా అంచంతా చెర్రీ రంగు."

"సబ్బు పెట్టావా?"

"ఇంకా లేదు."

"పెట్టకు, మరక నాటుకుంటుంది. మేనకోడలింటికి పోయాక గుడ్డని ఒక గిన్నె మీద బిగించి తాడు కట్టు. మరుగుతున్న నీళ్లు బల్లెక్కి ఎత్తునుంచి ధారగా పొయ్యి. చేతులు కాల్చుకోకు. రంగు పోయేదాకా పోస్తూనే ఉండు."

ఆదివారం సాయంత్రం ఫోన్లో ఫొటో వచ్చింది. జెనోవియా చేతుల్లో తెల్లగుడ్డ, అందులో ఎర్రగా ఏడుస్తున్న బిడ్డ. ఎవ్దోకియా వేళ్లతో అంచును పెద్దది చేసి, మడత వెంట చివరిదాకా చూసింది. ఒకచోట పెసరగింజంత గులాబీరంగు మిగిలింది. కుట్టు మాత్రం ఎక్కడా కదల్లేదు.

"బాగుంది," అని రాసి పంపింది.