ఆ మూత నా కొడుకు తీయలేదు

మా పెద్దోడు పోయాడని విజయనగరం ఆసుపత్రి వరండాలో నర్సమ్మ చెప్పింది. కాలిన ఒంటితో ఎనిమిది రోజులు ఉన్నాడు. ఆ మాట విన్నప్పుడు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇప్పటికీ అదే ఉంది. నేను అయిదో తరగతి దాకానే చదివాను. అక్షరాలు తప్పుంటే సర్దుకోండి గానీ, నా కొడుకును మాత్రం తప్పుగా అనుకోకండి.

గజపతినగరం రోడ్డు మీద వాడికి రేకుల షెడ్డు ఉండేది. కార్లు బాగుచేసేవాడు. ఇంజను వేడెక్కిపోతోందని వచ్చే కార్లంటే వాడికి మరీ ఇష్టం. మధ్యాహ్నం నేను క్యారేజీ పట్టుకెళ్ళేసరికి ఏదో ఒక కారు బానెట్టు ఎత్తి ఉండేది.

"అమ్మా, ఎక్కి కూసో. తాళం తిప్పి ఏసీ నొక్కు. సల్లగుందని నిద్దరోకే, ఫ్యాను కన్నా ముందు నిన్ను లేపాల!" అనేవాడు.

ఏసీ వేస్తే, ఇంజను నీళ్ళు చల్లార్చే రేడియేటర్ ఫ్యాను తిరగాలట. తిరక్కపోతే ముందు ఫ్యూజు చూసేవాడు. అది బాగుంటే రిలే అనే చిన్న డబ్బీని పీకి, హారన్‌కి ఉన్న అలాంటి డబ్బీనే తెచ్చి అక్కడ పెట్టేవాడు. అప్పటికీ కదలకపోతే బ్యాటరీ నుంచి నేరుగా రెండు వైర్లు ఇచ్చేవాడు. తిరిగిందంటే మోటారు మంచిదే, లోపం వైర్లలోనో సెన్సారులోనో ఉన్నట్టు. "ఫ్యాను మార్సీమని ఎవుడైనా సెప్తాడమ్మా. ఎందుకు తిరగట్లేదో సెప్పినోడే మెకానిక్కు" అనేవాడు.

బ్యాటరీకి తగిలితే చెయ్యి కాలుతుందని పనిలోకి దిగే ముందు వేలి ఉంగరం తీసి నా కొంగున కట్టేవాడు. రేడియేటర్ మూత దగ్గర ఇంకా జాగ్రత్త, వేడి మీద తీస్తే మరిగే నీళ్ళు ఎగజిమ్ముతాయని. పై గొట్టం మీద అరచెయ్యి కాలకుండా ఆగితేనే మూత ముట్టుకునేవాడు. ఎంత పెద్దమనిషి తొందరపెట్టినా టీ తెప్పించి కూర్చోబెట్టేవాడే తప్ప మూత తీసేవాడు కాదు.

వాడి ఒళ్ళు కాలిన రోజు మా ఊరి బట్టల కొట్టు షావుకారు వచ్చాడు, చేతికి రెండు ఉంగరాలాయన. పాత కారు కొనుక్కుని, శ్రీకూర్మంలో పూజ చేయించి, ముందర కొబ్బరికాయ మూటగట్టిన పసుపు గుడ్డ వేలాడదీశాడు. దారిలో ఆ గుడ్డ కొస బంపరు కింద నుంచి లోపలికి పోయి ఫ్యానుకి చుట్టుకుంది. ఫ్యాను బిగుసుకుంది, ఫ్యూజు కాలింది, నీళ్ళు మరిగిపోయాయి. మావాడు నన్ను సీట్లో కూర్చోబెట్టి, కింద వంగి కొక్కెంతో పీలికలు లాగాడు.

"షావుకారుగారూ, ఫ్యానుకేటీ అవలేదు. మీ పసుపు గుడ్డే దాని పీక పట్టేసినాది. అరగంట ఆగండి, నీళ్ళు సల్లారాల."

"అరగంటేటిరా! ఇంటికాడ సుట్టాలు కాసుకున్నారు. పూజ సేసిన బండికి ఏటవుతాది?"

"పూజ బండికి సేసినారు బాబూ, మరిగే నీళ్ళకి సెయ్యలేదు" అని నవ్వి మావాడు మళ్ళీ వంగాడు.

ఎత్తిన బానెట్టు కింద సన్నని సందు ఉంటుంది. ఆ సందులోంచి చూశాను. రేడియేటర్ మూత మీద తడి గోనెముక్క, దాని మీద రెండు ఉంగరాల చెయ్యి. మావాడి ఉంగరం నా కొంగులో ఉంది. "బాబూ" అని నేను అరిచేలోపే మూత ఎగిరింది. మరిగే నీళ్ళు నా కొడుకు మెడ మీద, గుండెల మీద పడ్డాయి.

సాయంత్రానికి ఊళ్ళో మాట మారిపోయింది. మెకానిక్కే తొందరపడి మూత తీశాడని షావుకారు చెప్పాడు. పక్క షెడ్ల వాళ్ళు కూడా తలూపారు. మావాడి చేతి కింద పని నేర్చుకున్నవాళ్ళే! ముసల్దానికి బానెట్టు చాటున ఏం కనపడుతుందన్నారు. ఆసుపత్రిలో ఎవరో ఈ మాట వాడి చెవినీ వేశారు.

"నానేటి పిచ్చోడినేటమ్మా, ఉడుకు మీద మూత తియ్యడానికి? నువ్వు సూసినావు కదా. సెప్పు" అన్నాడు. నీళ్ళు కూడా మింగలేని గొంతుతో రెండుసార్లు అన్నాడు.

తలరాత అని నన్ను ఓదార్చడానికి వచ్చిన వాళ్ళందరికీ చెబుతున్నాను, ఇంక రావద్దు. రాసినవాడెవడో నాకు తెలియదు. మూత తిప్పినవాడు తెలుసు.

పదకొండో రోజు భోజనాలకి షావుకారు వచ్చి బంతిలో కూర్చున్నాడు. అన్నం నేనే వడ్డించాను.

"తిను బాబూ. తినీముందు ఒక్క మాట సెప్పు. ఆ మూత ఎవులు తీసినారు?"

మా మరిది నా చెయ్యి పట్టుకున్నాడు. "వొదినా, ఇప్పుడెందుకే?"

"మరెప్పుడు? నువ్వూరుకో."

బంతిలో చేతులన్నీ ఆగిపోయాయి. షావుకారు తల ఎత్తలేదు. "అయిపోయినదానికి ఇప్పుడేటి పిన్నీ..."

"అయిపోనాది నీకు. ఎవులు తీసినారు?"

ఆయన లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. మా మరిది ఆ విస్తరి మడవబోతే నేను మడవనివ్వలేదు. అన్నం మీద కాసేపు పొగలు లేచాయి. తరువాత అవీ ఆగిపోయాయి. రెండు పక్కల కూర్చున్నవాళ్ళు ఆ విస్తరి వైపు చూడకుండా, చేతులు దగ్గరికి ముడుచుకుని, తల వంచుకుని తిన్నారు.