మామ్మ మానేసిన తిట్టు

మేం డిగ్రీ చదివే రోజుల్లో తిట్టుకీ ముద్దుకీ మధ్య గోడ ఉండేది కాదు. (ఇప్పుడు కట్టారు, బాగా ఎత్తుగా.) ఆమదాలవలసలో మా మామ్మ, అంటే మా నాన్న తల్లి, రోజంతా "నీ జిమ్మడ" అనే ఒక్క మాట మీదే బతికేసేది. పాలు పొంగిపోతే పాలని, నాకు ఫస్టు క్లాసు వస్తే నన్ను, టైముకి వచ్చేస్తే రైలుని కూడా అదే అనేది. "నీ జిమ్మడ, ఎంత సక్కగున్నావే" అని బుగ్గ పుణికిందంటే ఆ రోజుకి నాకింక పౌడరు అక్కర్లేదు.

మాది బాప్టిస్టు కుటుంబం. ఆ ఏడు మా చర్చికి గుంటూరు వైపు నుంచి కుర్ర పాస్టరుగారొకరు వచ్చారు. మంచి మనిషే గానీ, మాటల పుట్టుపూర్వోత్తరాలంటే కాస్త పిచ్చి. ఒక ఆదివారం ప్రసంగం మధ్యలో, "ఇక్కడ మాటకి ముందు జిమ్మడ అంటున్నారు. అది 'జిహ్వ పడ'. నీ నాలుక పడిపోవాలని శాపం. ప్రార్థన చేసిన నోటితో శపించవచ్చా?" అన్నారు. ఆయన ఎవర్నీ చూసి అనలేదు. ఆడవాళ్ళ బెంచీలన్నీ మాత్రం మా మామ్మ వైపు తిరిగాయి.

ఇంటికొచ్చి మామ్మ అన్నం ముట్టలేదు. "మాయమ్మ నన్ను అత్తోరింటికి పంపినప్పుడు ఆ మాటే అని ఏడ్సింది. నా నాలిక పడిపోవాలనేటి?" అంది. బీఏ తెలుగు రెండో ఏడాదిలో ఉన్న నేను (అంటే తెలుగు భాషకి సొంతదారుని) వెంటనే విచారణ మొదలుపెట్టాను. ఎదురింటి నాయుడు తాత వరి ఆరబోసుకుంటూ, "అదేటి కాదే గుంటా. జిమ్మడమంటే ఇసిరీడం. పిల్లకి తగిలిన దిష్టిని జిమ్మీడం. మీ పాస్టరుగారికేటి తెలుస్తాది, ఆరికి దిష్టే లేదు కదా" అన్నాడు. మా లెక్చరరుగారు రెండు వాదాలూ విని, కళ్ళజోడు తుడుచుకుని, "రెండూ కావచ్చు, రెండూ కాకపోవచ్చు" అన్నారు. ఈ తీర్పు మోసుకొచ్చి చెబితే మామ్మ, "ఇంతోటి దానికి కాలేజీ ఎందుకే" అంది. ఆ తర్వాత ఆ మాట మానేసింది. దాంతోపాటు చాలా మాటలు మానేసింది. "రా అమ్మా, భోంచెయ్యి" అని ఆవిడ నెమ్మదిగా పిలుస్తుంటే, ఎవరింటికో చుట్టంగా వచ్చినట్టు ముద్ద దిగేది కాదు.

ఆ వానాకాలంలోనే పాస్టరమ్మగారికి కొడుకు పుట్టాడు. ఆవిడకి తల్లి లేదు. మా చర్చిలో ఎవరి బిడ్డకైనా నీళ్ళు పోసేది మామ్మే కాబట్టి కబురొచ్చింది. తువ్వాళ్ళు పట్టుకుని నేనూ వెళ్ళాను. మామ్మ పసివాణ్ణి కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, పెదాలు బిగించి నీళ్ళు పోస్తోంది. వాడు గుక్కపట్టి ఏడుస్తున్నాడు.

"ఏదైనా మాట్లాడండి మామ్మగారూ, వాడు భయపడుతున్నాడు" అంది అమ్మగారు.

"ఏటి మాటాడీది తల్లీ? పిల్లల్తోటి నాకొచ్చిన మాటొకటే. అది అయ్యగారు వద్దన్నారు."

అయ్యగారు వరండాలోనే ఉన్నారని మా అందరికీ తెలుసు. సరిగ్గా అప్పుడే వాడు మామ్మ మొహాన ఉచ్చ పోశాడు. "నీ జిమ్మడ, గుంటడా" అనేసింది మామ్మ. వాడు ఏడుపు ఆపి ఆవిడ మొహంలోకి చూశాడు. మామ్మ నాలుక కరుచుకుంది.

పాస్టరుగారు గుమ్మంలోకి వచ్చారు. నేను ఇంకో ప్రసంగానికి సిద్ధపడ్డాను. ఆయన కొడుకునే చూస్తూ, "మా నాయనమ్మ నన్ను ముదనష్టపోడా అని పిలిచేది. దానికి అర్థం నేనెప్పుడూ వెతకలేదు" అన్నారు.

"ఆవిడున్నారా అయ్యగారూ?" అంది మామ్మ.

"పోయిందండి. ఇక్కడికి వచ్చే ముందే."

మామ్మ ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. "నీ జిమ్మడ, ఈ మాట ముందే సెప్పొద్దేటి బాబూ" అని, ఇంకో చెంబు ముంచింది. పాస్టరుగారు కళ్ళు తుడుచుకోవడానికి మళ్ళీ వరండాలోకి వెళ్ళిపోయారు.

మామ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు నేను విజయనగరంలో తెలుగు చెబుతున్నాను. అందరూ మేడమ్ అంటారు, గారు అంటారు. జుట్టు నెరిసిన కొద్దీ మర్యాద పెరుగుతోంది. మొన్నొకరోజు కొత్త చీర కట్టుకుని అద్దం ముందు నిలబడి, ఇంట్లో ఎవరూ లేరని చూసుకుని, నన్ను నేనే ఒకసారి తిట్టుకున్నాను. బాగానే ఉంది గానీ, ఇంకొకరు తిట్టినట్టు లేదు.