పేరు చెప్పని ప్రార్థన మనవి

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డుపడి ఉంది. మా చర్చి సంఘంలో సాక్ష్యం చెప్పడానికి లేచిన ప్రతిసారీ పైకి వస్తుంది. మింగేస్తాను. దేవుడు చేసిన మేలులు రెండు చెప్పి కూర్చుంటాను. ఇవాళ ఇది చదివే మీకు చెబుతున్నాను. మీరు నన్ను ఎరగరు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

రెండువేల సంవత్సరం దాటాక మా ఆఫీసును బెంజ్ సర్కిల్ దగ్గర కొత్తగా కట్టిన అద్దాల బిల్డింగులోకి మార్చారు. కింది అంతస్తు. బయటి గోడ అద్దం, లోపల మేనేజరు గదీ అద్దమే. పగలు బయటివాళ్లకు మేము కనపడం. మా ముఖాలకెదురుగా నిలబడి తల దువ్వుకునేవారు, పళ్లలో ఇరుక్కున్నది తీసుకునేవారు. సాయంత్రం లైట్లు వేస్తే మేము షోకేసులో బొమ్మలం. పాత క్యాలెండర్లు అంటిస్తే అందం పోతుందని పీకించేశారు. అందం! పమిట సర్దుకోవడానికి చాటు లేని చోట ఎవరికి అందం? విజయవాడ ఎండలో అద్దాల గోడలు కట్టాలని ఎవరికి తోచిందో, ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఆ ఆఫీసులో మా సంఘం వాళ్లం ఇద్దరమే, నేనూ సుజాతా. నాకంటే పదేళ్లు చిన్నది. పటమటలోని మా సంఘంలో సండే స్కూలు టీచరు. ఒక సాయంత్రం రోడ్డుకవతల బస్సు కోసం నిలబడి చూశాను. మేనేజరు గదిలో సుజాత టేబుల్ మీద తల వాల్చి ఏడుస్తోంది. ఆయన ఆమె భుజం మీద చేయి వేశాడు. బస్సు వచ్చింది. ఎక్కలేదు. తర్వాత వచ్చినదీ వదిలేసి మరీ చూశాను.

ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థనకు సుజాత రాలేదు. మనవులు చెప్పమన్నప్పుడు లేచాను. ఇతరుల సంగతైతే పేరు చెప్పకూడదని, మనవి ఇచ్చిందెవరో బయట అనకూడదని మా పద్ధతి. నేనూ చెప్పలేదు. మన సహోదరి ఒకరు పనిచేసేచోట పై అధికారి వల్ల శోధనలో ఉన్నారు, ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి అన్నాను. శోధన అంటే మా మాటల్లో పాపంలోకి లాగే ఆకర్షణ. కన్నీళ్లతోనే అన్నాను. అందరూ ఆమెన్ అన్నారు. ఉద్యోగం చేసే ఆడవాళ్లు మా సంఘంలో ఎందరని? బయటికొచ్చి చెప్పులు వేసుకునేలోపే పేరు తేలిపోయింది. నెల తిరక్కుండా ఆమె క్లాసు వేరొకరికి ఇచ్చారు. ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షరసం తీసుకోకుండా కొన్నాళ్లు ఆగమన్నారు.

ఒక మధ్యాహ్నం ఆఫీసు మెట్ల దగ్గర సుజాత నన్ను ఆపింది.

“అక్కా, నా గురించి మనవి ఇచ్చిందెవరో మీకు తెలుసా?”

“నాకేం తెలుసమ్మా, నేనెక్కడో వెనక కూర్చున్నా.”

“రొమ్ములో గడ్డ ఉందన్నారక్కా డాక్టరు. సెలవు కోసం సారుకి చెప్పక తప్పలా. చెప్తా చెప్తా ఏడుపొచ్చేసింది. ఇంకెక్కడ ఏడవను? ఉన్న ఒక్క బాత్రూం దగ్గరా లైనే గదా!” నవ్వబోయింది. “పాస్టరుగారికి చెప్తే నమ్ముతారు. కానీ పై శుక్రవారం అందరి ముందూ నా ఒంటి సంగతే మనవి అవుద్ది. అది నావల్ల కాదు. మీరూ ఎవరికీ చెప్పమాకండి.”

“చెప్పనమ్మా” అన్నాను.

ఆ మాట నిలబెట్టుకున్నానని కొన్నాళ్లు గర్వపడ్డాను కూడా! ఆమె జబ్బు సంగతి ఎత్తకుండానే, నేను పొరపాటుగా చెప్పాను అని పాస్టరుగారితో అనొచ్చు. అనలేదు. ఆమె చల్లపల్లికి బదిలీ చేయించుకుని వెళ్లిపోయింది.

ఆమె కోసం మనసులో భారంతోనే ఆ మనవి చెప్పానా? భారమే అయితే ముందు ఆమెనే అడిగేదాన్ని కదా, పక్క కుర్చీలో కూర్చునే మనిషిని! ఎవరిలోనైనా తప్పు కనపడితే మొదట ఒంటరిగా వెళ్లి మాట్లాడాలని మా సంఘపు స్త్రీల సమాజంలో బోధించిందే నేను. ఇన్నేళ్లూ ఆ అద్దాన్ని తిట్టుకుంటూ గడిపాను. విసుగొచ్చేసింది, అద్దం మీద కాదు, నా మీద.

దేవునితో ఎన్నిసార్లో ఒప్పుకున్నాను. ఆయనకు ముందే తెలుసు, అది తేలిక. సుజాతకు తెలియదు. ఆపరేషన్ అయింది, బాగానే ఉంది. ప్రతి క్రిస్మస్‌కూ ఫోన్ చేస్తుంది. “నాకోసం ప్రార్థన చెయ్యండక్కా” అంటుంది. చేస్తానంటాను.

క్షమించమని అడగడానికి ఇంకా నోరు రావడం లేదు. ఇది మాత్రం రాయగలను. సుజాతా, ఆ శుక్రవారం లేచి నిలబడింది నేను.