గుండీల డబ్బాలో సగం మాత్రలు

మా మేనమామ దర్జీ. ఏ కొలతైనా రెండుసార్లు తీస్తాడు కాబట్టి వీధిలో అందరికీ ‘రెండుసార్ల మాస్టారు’. సొంత టేపునే నమ్మని మనిషి డాక్టరును నమ్ముతాడా?

గుండె లయ తప్పిందని డాక్టరమ్మ నెత్తురు పలచన చేసే మాత్ర రాసింది. ఆ ‘పలచన’ అన్న మాట దగ్గరే ఆయనకు అనుమానం పట్టుకుంది.

“నీళ్లు కలిపితే పాలే పనికిరావు. నెత్తురు పలచనైతే మనిషిలో ఏం మిగుల్తుందే?” అన్నాడు నాతో. నేను ఆయన దుకాణంలోనే కాజాలు కుడతాను.

వారం తిరక్కుండానే ఆయన వేలికి సూది గుచ్చుకుంది. నెత్తురు ఎంతకీ ఆగక ఎవరిదో తెల్ల చొక్కా కాలరు పాడైంది. వేలికి తొడిగే ఇత్తడి అంగుస్తానా పెట్టుకోమంటే, అది పని నేర్చుకునేవాళ్లకని మూతి ముడిచాడు. ఆ తర్వాత మాత్ర మీద సణుగుడు ఒక్కసారిగా ఆగిపోయింది. అదే నాకు నచ్చలేదు.

నెల తర్వాత, నెత్తురు పరీక్ష ఫలితం తెలిసే రోజు ఉదయం, దుకాణమంతా వెతికాను. గుండీల డబ్బా అడుగున కత్తెరతో నీటుగా కోసిన సగం మాత్రలు దొరికాయి. ఒళ్లు మండింది. అయినా ఆయనే చెబుతాడేమోనని డబ్బా సంచిలో వేసుకుని ఆస్పత్రికి వెళ్లాను.

“మందు చాలట్లేదు, మోతాదు పెంచుతాను,” అంటూ డాక్టరమ్మ కలం తీసింది. మామయ్య గోడకేసి చూస్తున్నాడు. గుడ్డ తక్కువ కోసినప్పుడూ అదే చూపు. ఇక ఆగలేక డబ్బా బల్ల మీద బోర్లించాను.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టేసింది.

“పెంచి రాశాక మీరు మొత్తం మింగితే? లోపల నెత్తురు కారి ప్రాణం మీదికొచ్చేది.”

“పలచనైతే...” అని నసిగాడు మామయ్య.

“నీళ్లయిపోదండీ. గడ్డకట్టడం ఆలస్యమవుతుంది, అంతే. దెబ్బ తగిలితే ఎక్కువ కారుతుంది. ముప్పు లేదని నేననను. కానీ మందు సరిపడా పడకపోతే గడ్డ మెదడుకి చేరి చెయ్యి పడిపోవచ్చు.”

“ఏ చెయ్యి?”

“అది ముందే ఎవరు చెప్పగలరు?”

మామయ్య తన కుడిచేతిని చాలాసేపు చూసుకున్నాడు. “నెత్తురు మరకైతే చన్నీళ్లలో పోతుంది,” అని గొణిగాడు. నాకు కోపం పోయి ఏడుపొచ్చింది.

ఇప్పుడు ఆయన వేలికి అంగుస్తానా ఉంది. రోజూ నా ఎదుటే నిండు మాత్ర వేసుకుంటాడు.

“నోరు తెరు, మామయ్యా. నాలుక ఎత్తు.”

“ఇందాకే చూశావు కదే!”

“రెండుసార్లు చూస్తాను.”