మాట్లాడినంత మఫ్లరు

పెద్దమ్మ మనుషుల్ని టేపు పెట్టి కొలిచేది కాదు, మాటలు పెట్టి కొలిచేది. ఏడాది చివరి సెలవులకి ఆవిడ అందరికీ ఊలు మఫ్లర్లు అల్లి ఇచ్చేది. ఎవరి మఫ్లరు ఎంత పొడవుండాలో వాళ్ళ మెడా తేల్చేది కాదు, ఎత్తూ తేల్చేది కాదు. ఆ ఏడాదిలో ఎవరు వచ్చి ఆవిడ ఎదురుగా కూర్చుని ఎంత మాట్లాడితే వాళ్ళకంత.

ఆవిడ చివరిసారిగా కూర్చోబెట్టి మాట్లాడించింది కరెంటు మీటరు చూడ్డానికొచ్చిన మనిషిని.

"రాసుకోవడం అయిందా నాయనా? కూర్చో."

"లేదమ్మా, ఇంకా వీధంతా మిగిలే ఉంది."

"వీధి ఎక్కడికీ పారిపోదు. నీది చూడు, జానెడే అయింది. సెలవులు దగ్గరికొచ్చేశాయి. జానెడు గుడ్డతో ఏం చేస్తావ్, ముక్కు తుడుచుకుంటావా?"

ఆయన కూర్చున్నాడు. మూలనున్న పేము బుట్టలోంచి ఆయన తాలూకు బూడిదరంగు ఉండ బయటికొచ్చింది.

"ఏం చెప్పమంటారు?"

"ఏదో ఒకటి. ఇంట్లో ఎవరితో పడదు నీకు?"

"మా బావమరిదితోనండీ!" అన్నాడాయన, అడగడమే ఆలస్యం అన్నట్టు.

బావమరిది పుణ్యమా అని మఫ్లరు జానెడు నుంచి మూరెడయింది. మీటరు మనిషి వెళ్ళాక పెద్దమ్మ బుట్టకి మూత పెట్టి, మంచినీళ్ళు తాగి, నడుం వాల్చింది. మళ్ళీ లేవలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ మనిషి కనిపించిన వాళ్ళందరి దగ్గరా, "మా బావమరిది గోల విని విని ప్రాణం విసిగిపోయిందేమోనండీ ఆవిడకి" అని బాధపడుతూ తిరిగాడు.

ఈ సంగతంతా అమ్మడు ఆయన నోటే విన్నది. అమ్మడు అంటే పెద్దమ్మ చెల్లెలి కూతురు, పళ్ళ డాక్టరు. ఊరికి డాక్టరైనా ఇంట్లో అమ్మడే.

పెద్దమ్మ బుట్టలో మనిషికో రంగు ఉండేది. ఎవరొస్తే వాళ్ళ రంగు పైకి తేలేది. వాళ్ళు నోరు విప్పితే సూదులు కదిలేవి, నోరు మూస్తే ఆగేవి. ఫోనులో మాట్లాడితే చెల్లదు. "ఫోను మాటలకి ఊలు దండగ. మనిషొస్తేనే మఫ్లరు," అని తెగేసి చెప్పేది. అల్లిక మాటకొస్తే, అంత గొప్పగా ఏమీ ఉండేది కాదు. ఒక చివర బెత్తెడు వెడల్పుంటే రెండో చివరకి జానెడయ్యేది. మధ్యలో వేలు దూరేటన్ని కన్నాలు. "ఇవేంటి పెద్దక్కా?" అని తమ్ముడు అడిగితే, "అక్కడ నువ్వు కోతలు కోశావు. కోసిన చోట కన్నాలు పడవూ?" అంది.

ఆ తమ్ముడు, అంటే అమ్మడి మేనమామ, గడియారాలు బాగుచేస్తాడు. గడియారాలు ఆగుతాయి గానీ ఆయన ఆగడు. ఆయన మఫ్లరు మెడకి చుట్లు చుట్టి, భుజం మీంచి తిప్పి, నడుముకి బిగించినా ఇంకా మిగిలి వెనకాల ఈడ్చుకుంటూ వచ్చేది. ఒకసారి సినిమా చూసి ఆయన లేచాడు గానీ మఫ్లరు లేవలేదు. వెనక వరసలో ఒక భారీ మనిషి దాని కొసని మెత్తగా ఉందని కిందేసుకుని నిద్రపోతున్నాడు. లేపడానికి మొహమాటపడి మామయ్య మళ్ళీ కూర్చుని రెండో ఆట కూడా చూసొచ్చాడు. అంత పొడవున్నా ఆశ చావక, ఒక ఏడాది మాటల మధ్యలో "అదీ... ఏంటంటే... ఇప్పుడూ..." అని సాగదీయడం మొదలెట్టాడు. పెద్దమ్మ సూదులు టక్కున ఆగిపోయాయి.

"అదేంటక్కా, ఆపేశావ్?"

"నీ 'అదీ'లకి ఊలు లేదు. సరుకుంటే పడెయ్."

అమ్మడి నాన్న ఇందుకు పూర్తిగా ఎదురు. ఆయన మాటని సంతకం పెట్టినంత పొదుపుగా వాడతాడు. ఏటా ఆయనకి వచ్చే మఫ్లరు కళ్ళజోడు తుడుచుకోవడానికి సరిపోయేది. దానికే వాడేవాడు కూడా. ఒక చలికాలం ఇక తట్టుకోలేక, పేపరు తీసుకెళ్ళి వదినగారి ఎదురుగా కూర్చుని పైకి చదవడం మొదలుపెట్టాడు.

"మరిదిగారూ, అవి పేపరు వాడి మాటలు. పొడవు వాడికి రావాలి. మీవేమైనా ఉంటే చెప్పండి," అంది పెద్దమ్మ.

ఆయన పేపరు మడిచి, పైకప్పు చూసి, కిటికీ చూసి, చివరికి "చలిగా ఉంది" అన్నాడు.

"అందుకే గదా చెప్పమంటున్నాను!"

పెద్దమ్మకి ఇంకో అలవాటుంది. అల్లుతూ అల్లుతూ సూదులు ఒళ్ళో పడేసి మణికట్లు బరబరా గోక్కునేది. మామయ్య దీని మీద ఒక సిద్ధాంతమే కట్టాడు. ఎదుటివాడు అబద్ధమాడితే పెద్దక్క చేతులకి తెలిసిపోతుందట. ఆ సిద్ధాంతం చుట్టాల్లోకీ, వీధిలోకీ పాకింది. ఆవిడ చెయ్యి గోక్కోవడం ఆలస్యం, ఎదురుగా ఉన్నవాళ్ళు గతుక్కుమని మాట మార్చుకునేవాళ్ళు. మీటరు మనిషి కూడా ఆ రోజు, "తప్పంతా మా బావమరిదిదేనండీ" అన్నాక, ఆవిడ చెయ్యి మణికట్టు మీదికి పోవడం చూసి, "నాదీ కొంత ఉందిలెండి" అని సర్దుకున్నాడట.

ఆవిడ అమ్మడి ముందు మాత్రం ఎప్పుడూ గోక్కోలేదు. "అది అబద్ధమాడదు, అందుకే" అని ఇంట్లో అందరూ అనుకునేవాళ్ళు, అమ్మడితో సహా.

అమ్మడికి నత్తి. మాట గొంతుదాకా వచ్చి గడప దగ్గర ఆగిపోతుంది. ఆగిన మాటని అమ్మ బయటికి లాగేసేది. మంచి ఉద్దేశంతోనే, కానీ ఎప్పుడూ వేరే మాటని లాగేది. చిన్నప్పుడు ఒకసారి అమ్మడు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చి, "పా... పా..." అంది.

"పాటా? పాడతావా? పాడమ్మా."

"పా... పా..."

"పాఠమా? పాత గౌనా? పాపాయి కావాలా? అక్కా, చూశావా, దీనికి చెల్లెలు కావాలట!"

ఆ సందడిలో పాలు పొంగి, పొయ్యి ఆర్పేసి, గట్టు దిగి, గడప దాటి, తమ సంగతి తామే వచ్చి చెప్పుకున్నాయి.

అమ్మడు పళ్ళ డాక్టరు కావడం వెనక కూడా ఇదే ఉంది. ఏం చదవాలో తేలక కొట్టుకుంటున్నప్పుడు పెద్దమ్మే అంది, "పళ్ళ చదువు చదవవే. ఎదుటివాళ్ళ నోట్లో దూది కుక్కి మాట్లాడొచ్చు. నీ మాట అయ్యేదాకా ఒక్కడు అందుకోలేడు." అమ్మడు నవ్వింది గానీ, చదివింది కూడా అదే. నోరు తెరుచుకుని పడుకున్న మనుషుల దగ్గర ఆమె మాట మెల్లగానైనా నిక్షేపంగా సాగేది.

పెద్దమ్మ దగ్గరా అంతే. ఆవిడ తలెత్తేది కాదు. కళ్ళు సూదుల మీదే. అమ్మడి మాట ఆగినా సూదులు ఆగేవి కావు. టిక్కూ టిక్కూ అంటూ, మాట ఎప్పుడొస్తే అప్పుడే రానీ అన్నట్టు నడుస్తూనే ఉండేవి. ఆ చప్పుడు మీద కాలు మోపి మాట గడప దాటేది. మామయ్య 'అదీ'లకి దొరకని ఊలు అమ్మడి ఆగిపోవడాలకి మాత్రం ధారాళంగా దొరికేది. అందుకని ఏటా ఆమె మఫ్లరు పొడవు చూసి ఇల్లు గగ్గోలెత్తేది.

"ఇది మోసం! అది నోరెప్పుడు విప్పింది?" అనేవాడు మామయ్య.

"నా అల్లికలో కన్నాలుంటాయి గానీ మోసం ఉండదురా," అనేది పెద్దమ్మ.

అమ్మడు సెలవు తీసుకుని సందు మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, ప్రతిసారీ ఆవిడ గుమ్మంలోనే, తలుపుకి ఆనుకుని నిలబడి ఉండేది.

ఆ ఆఖరి ఏడాది అమ్మడి పచ్చరంగు మఫ్లరు మరీ పెరిగింది. కారణం, కట్టుడు పళ్ళు చేసే ఒకతను. అమ్మడి ఆసుపత్రికి పళ్ళ సెట్లు చేసిచ్చేది అతనే. అచ్చు గట్టిపడేదాకా కదలకుండా కాచుకు కూర్చునే పని కాబట్టి, అమ్మడి మాట కోసం కాచుకోవడం అతనికి కష్టమనిపించలేదు. ఇద్దరూ పెళ్ళి చేసుకుందామనుకున్నారు. అమ్మకి చెప్పాలని అమ్మడు ఒక రోజు ధైర్యం చేసి, "అమ్మా, నేను పెళ్ళి... పెళ్ళి..." అంది.

"చేసుకోనంటావు, అంతేగా! నాకు ముందే తెలుసు," అని అమ్మ కళ్ళు తుడుచుకుని, సాయంత్రానికల్లా చుట్టాలందరికీ ఫోన్లు చేసి మరీ చెప్పేసింది. అమ్మడికి పెళ్ళంటే ఇష్టం లేదన్నది ఇంట్లో ఖాయమైపోయింది. ఆమె సరిదిద్దబోయినప్పుడల్లా, "బలవంతం చెయ్యనులేవే," అని అమ్మ మాట తుంచేసేది.

"నువ్వు చె... చెప్పు పెద్దమ్మా," అని బతిమాలింది అమ్మడు.

"నేను చెబితే అది నా మాటవుతుంది, నీ మఫ్లరు పెరగదు. సెలవులకి అందరూ వస్తారుగా, అప్పుడు నువ్వే చెప్పు. నేను పక్కనే కూర్చుని అల్లుతుంటాను."

సెలవులొచ్చాయి. పెద్దమ్మ లేదు, బుట్ట ఉంది. అమ్మ దాన్ని ముందుగది బల్ల మీద పెట్టి, అల్లినంత వరకూ ఎవరిది వాళ్ళకి పంచుదామంది. మామయ్యది తీస్తుంటే తరగలేదు. నాన్నది ఎక్కడుందో కనబడక బుట్ట బోర్లించాల్సి వచ్చింది. మీటరు మనిషి మూరెడూ పక్కన పెట్టారు. అడుగున, ఇంకా సూదులకే వేలాడుతూ, అమ్మడి పచ్చది బయటికొచ్చింది. వస్తూనే ఉంది. మామయ్య లేచి, తన దాని పక్కన పెట్టి చూసి, గుండె మీద చెయ్యి వేసుకున్నాడు.

"నాకంటే పొడవు! చిన్నక్కా, ఇది అన్యాయం. అసలేం చెప్పిందే పెద్దక్కకి ఇంత?"

గదిలో అందరూ అమ్మడి వైపు తిరిగారు. ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ ఇంతమంది ఒకచోట చేరేది వచ్చే ఏడాదే. పళ్ళ సెట్లతను ఎంత ఓపికమంతుడైనా, అప్పటికి అచ్చు గట్టిపడి పగుళ్ళు కూడా వస్తాయి.

"నే... నేను..."

"నేనేం చెప్పలేదంటావు," అని అమ్మ అందుకోబోయింది. సరిగ్గా అప్పుడే ఆవిడ చేతిలోని మఫ్లరు బరువుకి సూది మీంచి అల్లిక జారడం మొదలుపెట్టింది. "అయ్యో అయ్యో" అంటూ ఆవిడ గబుక్కున కూర్చుని, తల వంచి, జారిన కుట్లని ఒక్కొక్కటే సూదికి ఎక్కించసాగింది. రాని పని. నాలుక కొస బయటపెట్టి పళ్ళతో నొక్కిపట్టింది. ఇక మాట్లాడటానికి నాలుక ఖాళీ లేదు. మామయ్య నోరు తెరవబోతే నాన్న ఆయన మఫ్లరు కొస పట్టుకుని, "ఆగు," అన్నాడు.

టిక్కు మంది సూది. కాసేపాగి మళ్ళీ టిక్కు. తడబడుతున్న చప్పుడే, అయినా అమ్మడికి చాలింది.

"నేను పెళ్ళి... పెళ్ళి... చే... చేసుకుంటాను. పళ్ళ సె... సెట్లు చేసే అతన్ని. వద్దని నే... నేనెప్పుడూ అనలేదు."

అమ్మ కుట్టు ఎక్కించడం ఆపకుండానే, "మరి వద్దన్నదెవరే?" అంది.

"నువ్వే," అన్నాడు నాన్న. ఆ ఏడాదికి ఆయన కోటా దాంతో సరి.

నవ్వులూ, "అతనెవరు", "మన పళ్ళకేమైనా తగ్గిస్తాడా" అన్న ప్రశ్నలూ అన్నీ సద్దుమణిగాక, అమ్మ చేతిలో సూదుల్ని తిప్పి తిప్పి చూసింది.

"ఒసే, ఇవి పట్టుకుంటే తలెత్తడానికీ ఉండదు, నోరెత్తడానికీ ఉండదు. ఇప్పుడర్థమైందే నాకు! ఆ పాలు పొంగిన రోజు మీ పెద్దమ్మ ఇక్కడే ఉంది. నన్ను చెడామడా తిట్టి వెళ్ళి, మర్నాడే ఈ సూదులు కొనుక్కొచ్చింది. అంతకు ముందు దానికి గుండీ కుట్టుకోవడం కూడా రాదు. ఎందుకే ఇప్పుడీ సరదా అంటే చెప్పలేదు. పైగా దానికసలు ఊలు పడదాయె."

"ప... పడదా?"

"చిన్నప్పుడు ఊలు స్వెట్టరు తొడిగితే ఒళ్ళంతా దద్దుర్లే. అల్లినంతసేపూ గోక్కునేది చూడలేదూ?"

మామయ్య కుర్చీలో కూలబడ్డాడు. "అంటే... అది దురదా? ఉత్త దురదా? ఆ గోకుడికి భయపడి ఇన్నేళ్ళూ దాని దగ్గర అన్నీ నిజాలే చెప్పి చచ్చాను కదా చిన్నక్కా!"

అమ్మడు పచ్చ మఫ్లరు కొస చేతిలోకి తీసుకుంది. "నా ము... ముందెప్పుడూ గో... గోక్కోలేదే?"

ఈసారి ఎవరూ మాట అందించలేదు. అమ్మ కూడా అది పూర్తయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"నువ్వు గేటు దాటాక చూడాల్సింది దాన్ని. గుమ్మంలో నిలబడి రెండు చేతులూ తలుపు చెక్కకేసి తెగ రుద్దుకునేది. నువ్వు మలుపు దగ్గర తిరిగి చూస్తావని వెనకాలే పెట్టుకుని మరీ!"