నాలుగు నిమ్మకాయలు, కదలని కారు

మా ఇబ్రహీంపట్నం చుట్టూ చెలకలన్నీ ప్లాట్లవుతున్న కాలమది. పొద్దున జొన్నచేను చూసి పోతే, సాయంత్రానికి అక్కడ కమాను లేచేది. ఎనిమిదో తరగతిలోనే బడికి దండం పెట్టిన నేను, ఆటో లేకుండానే ఆటో డ్రైవర్‌నని చెప్పుకు తిరిగేవాణ్ని (లైసెన్సు మాత్రం ఉంది, ఫొటో కోసం కాటుకతో మీసం దిద్దుకున్నాను). అప్పుడే మా గడ్డి కొట్టంలో, తాత పోయాక ఎవరూ ముట్టని పాత కారు బయటపడింది. ఇంజను ఎప్పుడో చచ్చింది. అయినా నాదర్‌గుల్ దగ్గర వెంచర్ వేసిన ఒక సేటు, కమాను కింద అందానికి పెట్టుకుంటానన్నాడు. "అమ్ముడువోతే నీకు ఆటో. లేకుంటే కారు పాత ఇనుప సామానోనికి, నువ్వు వాచ్‌మన్ పనికి" అని తేల్చేశాడు బాపు.

ఆ పొద్దున టైర్లకు గాలి కొట్టి, నలుగురం కలిసి కారును వాకిట్లోకి తోశాం. ముందు వాలు. జారిపోతుందేమోనని స్టీరింగు కింద కనిపించిన పిడి ఒకటి లాగిపెట్టాను. సేటు లారీ తీసుకుని వచ్చాడు, వెంట వాళ్లమ్మ (అందరికీ పెద్దమ్మే). ఆమె కారుకు పసుపు రాసి, బొట్లు పెట్టి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టింది.

"అమ్మా, గిది నడవదే" అన్నాడు సేటు.

"నడవకుంటే నూకుండ్రి. నిమ్మకాయ నలగని బండి మనకొద్దు."

సేటు లారీ వైపు చూశాడు. ఆ చూపులో నా ఆటో వెళ్లిపోతున్నట్టే అనిపించింది. ఎగిరి స్టీరింగు ముందు కూర్చుని "నూకుండ్రన్నా!" అని కేకేశాను. ఆరుగురు తోశారు. కదల్లేదు. మళ్లీ తోశారు. ఒకడి చెప్పు తెగింది. పెద్దమ్మ హారతి పళ్లెంతో ఎదురుగా నిలబడి, "ఇంకొక్కసారి జూస్త బిడ్డా, కాదంటే పోదాం" అని కళ్లు మూసుకుని మొక్కసాగింది. నేను "ఇంకా జోరుగ!" అంటూ చెమటలు కక్కుతున్నాను (తోసేది వాళ్లు, చెమట నాది).

బాపు కిటికీలో తల పెట్టాడు. నా మొహం చూశాడు, పిడి చూశాడు. చెయ్యి చాపి దాన్ని వదిలాడు. పచక్, పచక్! నిమ్మకాయలు నలిగాయి. కారు మాత్రం ఆగలేదు. వాలులో నేరుగా పెద్దమ్మ మీదికే పోతోంది. కాలి కింది బ్రేకు తొక్కితే గాలిని తొక్కినట్టుంది. "లాగురా, గదే లాగు!" పక్కన ఉరుకుతూ అరిచాడు బాపు. లాగాను. పళ్లేనికి జానెడు దూరంలో ఆగింది. ఆ బండి మొత్తానికి పనిచేసేది ఆ చేతి బ్రేకొక్కటే.

పెద్దమ్మ కళ్లు తెరిచింది. "మంచి బండి, చెప్పినట్టు ఇంటది" అంది.

కారును ఎక్కించుకుని లారీ కదిలాక బాపు నా వీపు మీద ఒక్కటి చరిచి, "ఆటో కొనిస్త. గని ముందుగాల ఆపుడు నేర్సుకో" అన్నాడు.

కారు ఇప్పటికీ ఆ కమాను కిందే ఉంది. ఆటో తోలుకుంటూ అటుగా పోయినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే చేతి బ్రేకు మీదికి పోతుంది. కాటుక మీసపు మొనగాడు ఇంకా ఆ స్టీరింగు ముందే కూర్చుని, బ్రేకు తానే లాగిపెట్టి, జోరుగా తొయ్యమని లోకాన్ని కేకలేస్తున్నట్టే ఉంటుంది.